రీఫర్బిష్డ్ ఆఫీస్ డెస్క్‌టాప్: పాత ఐ7 మేలా, 8వ జెన్ ఐ5 మేలా?

తక్కువ డబ్బుతో ఇంటికి కంప్యూటర్ కావాలంటే ముందుగా కనబడేవి మూడు పేర్లు: డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్. కంపెనీలు వీటిని వందల్లో కొంటాయి, కొన్నేళ్లకు అన్నీ ఒకేసారి మార్చేస్తాయి. అలా బయటికొచ్చిన వాటినే శుభ్రం చేసి, పరీక్షించి రీఫర్బిష్డ్ అని అమ్ముతారు. రోజంతా ఆపకుండా నడపడానికి తయారైన యంత్రాలు ఇవి. స్క్రూడ్రైవర్ పెద్దగా అవసరం లేకుండానే విప్పుకోవచ్చు. సర్వీస్ మాన్యువల్ తయారీదారు సైట్‌లోనే ఉచితంగా దొరుకుతుంది. అదే డబ్బుకు వచ్చే కొత్త చవక పీసీ కన్నా ఇవే మేలని నా గట్టి అభిప్రాయం.

అయితే ఎంచుకునేటప్పుడు చాలామంది చూపు ఐ7 అన్న ఇంటెల్ ప్రాసెసర్ స్టిక్కర్ మీదే ఆగిపోతుంది. చూడాల్సింది ఆ 7 కాదు, దాని తర్వాత వచ్చే నంబర్. ఐ7-4770లో 4 అంటే 4వ జెన్, అంటే నాలుగో తరం, అది 2013 నాటి చిప్. ఐ5-8500లో 8 అంటే 8వ జెన్, అది 2018లో వచ్చింది. మొదటిదానికి 4 కోర్లు (లెక్కలు చేసే భాగాలు), 8 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు). రెండోదానికి థ్రెడ్లు అదనంగా లేకపోయినా నిజమైన కోర్లే 6 ఉన్నాయి. ఒక్కో కోర్ వేగంలోనూ, మొత్తం పనిలోనూ ఆ ఐ5దే పైచేయి. 7వ జెన్ వరకు డెస్క్‌టాప్ ఐ5లకు 4 కోర్లు మించి లేవు, 8వ జెన్‌లో ఒక్కసారిగా 6 అయ్యాయి. అందుకే సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లకు ఆ జెన్ ఒక గీత లాంటిది.

తేడా ప్రాసెసర్‌తో ఆగదు. 4వ జెన్ మెషీన్‌లో డీడీఆర్3 అనే పాత రకం ర్యామ్ ఉంటుంది. ఇప్పుడు దానికోసం పెట్టే డబ్బు తర్వాత ఏ మెషీన్‌కీ పనికిరాదు. వేగమైన స్టోరేజ్‌ను నేరుగా బోర్డులో పెట్టే ఎం.2 స్లాట్ చాలావాటిలో ఉండదు. యూట్యూబ్ వాడే వీపీ9 వీడియోను అందులోని గ్రాఫిక్స్ సొంతంగా డీకోడ్ చేయలేదు, ఆ బరువంతా ప్రాసెసర్ మీద పడి ఫ్యాన్ మోత మొదలవుతుంది. 8వ జెన్‌లో వీపీ9, హెచ్‌ఈవీసీ అనే వీడియో రకాలు రెండూ హాయిగా నడుస్తాయి. ఏవీ1 అనే మరో వీడియో రకం డీకోడ్ మాత్రం వీటికీ లేదు, అది ఇంటెల్‌లో 11వ జెన్ నుంచే వచ్చింది.

ఇక విండోస్ సంగతి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఒప్పుకునేది, కొన్ని మినహాయింపులు తప్ప, ఇంటెల్ 8వ జెన్ నుంచి, ఏఎండీలో రైజెన్ 2000 సిరీస్ నుంచి. టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం కూడా ఉండాలి. పాత మెషీన్లలో అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించి అమ్మేవాళ్లున్నారు. ఎక్కుతుంది, నడుస్తుంది కూడా. కానీ అలాంటి మెషీన్‌కు అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. ఆ మెషీన్‌లోనే బ్యాంకు పనులు చేసుకునే వాళ్లకు ఈ టెన్షన్ ఎందుకు? విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ వేసుకుంటాం, పిల్లలు టైపింగ్, కోడింగ్ నేర్చుకుంటే చాలు అనుకునేవాళ్లకు మాత్రం 6వ, 7వ జెన్ మెషీన్లు మంచి బేరమే. 4వ జెన్ ఐ7ని మాత్రం ఎవరైనా ఊరికే ఇస్తే తప్ప తీసుకోవద్దనే చెబుతాను.

జెన్ తేలాక డబ్బా సైజు. ఒకే మోడల్ నంబర్ సాధారణంగా మూడు సైజుల్లో వస్తుంది: టవర్, ఎస్ఎఫ్ఎఫ్ అనే సన్న డబ్బా, అరచేతిలో పట్టే మైక్రో. లెనోవో ఈ మూడోదాన్ని టైనీ అంటుంది, హెచ్‌పీ మినీ అంటుంది.

మైక్రో చూడగానే మనసు లాగేస్తుంది. మానిటర్ వెనక తగిలించవచ్చు, చప్పుడు ఉండీ లేనట్టు ఉంటుంది, కరెంటు చాలా తక్కువ తాగుతుంది. బ్రౌజింగ్, ఆఫీస్ ఫైళ్లు, ఆన్‌లైన్ క్లాసులు, ఇంతే పనైతే మిగతా రెండూ చూడనక్కర్లేదు. కాకపోతే లోపల సాధారణంగా ఉండేది టీ అక్షరంతో ముగిసే చిప్. ఐ5-8500 బేస్ స్పీడ్ 3 గిగాహెర్ట్జ్, 65 వాట్లు. ఐ5-8500టీ బేస్ 2.1 గిగాహెర్ట్జ్, 35 వాట్లు. మామూలు వాడకంలో ఇది తెలియదు, గంటసేపు వీడియో ఎడిటింగ్ ఎక్స్‌పోర్ట్ పెడితే తెలుస్తుంది. ర్యామ్ ల్యాప్‌టాప్ సైజుది. గ్రాఫిక్స్ కార్డు మాట మరిచిపోవాలి. ఒరిజినల్ పవర్ అడాప్టర్ ఉందో లేదో తప్పక అడగండి. డెల్ మెషీన్ తనది కాని అడాప్టర్‌ను గుర్తించకపోతే వార్నింగ్ చూపించి ప్రాసెసర్ వేగం తగ్గించేస్తుంది.

టవర్ కొనేవాళ్లలో ఎక్కువమంది లెక్క ఒకటే: తర్వాత గ్రాఫిక్స్ కార్డు వేసి గేమింగ్ పీసీ చేసుకుందామని. ఇక్కడే చిక్కు. పైకి మామూలు కేబినెట్‌లాగే కనిపించినా లోపలి పవర్ సప్లై కంపెనీ సొంత కొలతలది. మదర్‌బోర్డుకు వెళ్లే కనెక్టర్ కూడా బజారులో దొరికే ఏటీఎక్స్ అనే మామూలు రకం సప్లైకి సరిపోకపోవచ్చు. చాలావాటిలో సప్లై 250 వాట్ల చుట్టుపక్కలే ఉంటుంది, కార్డుకు ఇచ్చే ప్రత్యేక పవర్ కేబుల్ ఉండదు. కాబట్టి స్లాట్ ఇచ్చే 75 వాట్లతోనే బతికే కార్డు వెతకాలి. జీటీఎక్స్ 1650లో అదనపు కేబుల్ అడగని మోడళ్లు, 2024లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ ఆ కోవలోవి. రెండింటికీ లో ప్రొఫైల్, అంటే ఎత్తు తక్కువ మోడళ్లు ఉన్నాయి, అవి ఎస్ఎఫ్ఎఫ్‌లోనూ పడతాయి. అయితే కొన్ని ఎస్ఎఫ్ఎఫ్‌లు స్లాట్‌కు 75 వాట్లు కూడా ఇవ్వవు. ఎంత ఇస్తుందో మాన్యువల్‌లో చూశాకే కార్డు కొనాలి. ఆర్ఎక్స్ 6400 జోలికి వెళ్లొద్దు. అది డేటాకు నాలుగే దారులు (లేన్లు) ఉన్న కార్డు, ఈ మెషీన్లలోని పీసీఐఈ 3.0 స్లాట్‌లో పెడితే వేగం పడిపోతుంది.

గేమింగే అసలు పనైతే టవర్ తీసుకోండి, కార్డు చుట్టూ గాలి ఆడుతుంది. అది కాకపోతే నా ఓటు ఎస్ఎఫ్ఎఫ్‌కే. ప్రాసెసర్ పూర్తి 65 వాట్లది, ర్యామ్ మామూలు డెస్క్‌టాప్‌ది, పెద్ద హార్డ్‌డిస్క్‌కూ చోటుంటుంది, అయినా బల్ల మీద ఓ మూల సర్దుకుపోతుంది. మూత తీస్తే డ్రైవ్ ఉండే కేజ్ తలుపులా పైకి లేస్తుంది, దాని కింద ర్యామ్ స్లాట్లు, కొత్తవాటిలో ఎం.2 స్లాట్ కనిపిస్తాయి. చేత్తో లాగాల్సిన పట్టీలకు వేరే రంగు వేసి ఉంటారు. కంప్యూటర్ ఎప్పుడూ విప్పని మనిషి కూడా ధైర్యంగా చేయి పెట్టొచ్చు.

అప్‌గ్రేడ్‌లో మొదటి ఖర్చు ఎస్ఎస్‌డీ, అంటే హార్డ్‌డిస్క్ బదులు వాడే వేగమైన స్టోరేజ్. హార్డ్‌డిస్క్ సెకనుకు 100 నుంచి 200 ఎంబీ చదివితే సాటా ఎస్ఎస్‌డీ 550 దాకా చదువుతుంది. అసలు మార్పు మాత్రం చిన్నచిన్న ఫైళ్ల దగ్గర తెలుస్తుంది, విండోస్ లేచే తీరే మారిపోతుంది. ఎం.2 కొనేముందు ఆ స్లాట్ ఇంకా వేగమైన ఎన్‌వీఎంఈ రకం తీసుకుంటుందో, సాటా మాత్రమేనో చూసుకోండి. ఆ తర్వాత ర్యామ్ 16 జీబీ, ఒకటే 16 కాకుండా రెండు 8లు. రెండు మెమొరీ చానెళ్లు పనిచేస్తే లోపలి గ్రాఫిక్స్‌కూ ఊపొస్తుంది. ప్రాసెసర్ మార్చడం గురించి నేనైతే ఆలోచించను. ప్రాసెసర్ కూర్చునే సాకెట్ పేరు ఎల్‌జీఏ 1151 అనే ఉన్నా 7వ జెన్ బోర్డులో 8వ జెన్ చిప్ పనిచేయదు. ఆ డబ్బు మొదట్లోనే జెన్ మీద పెట్టడం నయం.

వైఫై చాలావాటిలో ఉండదు, యూఎస్‌బీ డాంగిల్‌తో పని జరిగిపోతుంది. వెనక హెచ్‌డీఎంఐ లేకుండా డిస్‌ప్లేపోర్ట్ మాత్రమే ఉంటే చిన్న కన్వర్టర్ చాలు.

వీటికన్నా ముఖ్యం, మెషీన్ చేతికి రాగానే చేయాల్సిన రెండు పరీక్షలు. ఒకటి, ఆన్ చేస్తూనే బయోస్‌లోకి, అంటే విండోస్ లేవకముందు వచ్చే సెట్టింగుల తెరలోకి వెళ్లండి. డెల్, హెచ్‌పీ, లెనోవోలలో దానికి నొక్కాల్సిన కీలు వరుసగా ఎఫ్2, ఎఫ్10, ఎఫ్1. పాస్‌వర్డ్ అడిగితే వెంటనే వాపసు పంపండి. కొత్త మోడళ్లలో ఆ పాస్‌వర్డ్ లోపలి సెల్ తీసినంత మాత్రాన పోదు. రెండోది, అమ్మిన వాళ్లు ఎక్కించిన విండోస్‌ను నమ్మి ఊరుకోకుండా నెట్ పెట్టి కొత్తగా ఇన్‌స్టాల్ చేయండి. మధ్యలో ఏదో కంపెనీ పేరు వచ్చి ఆఫీసు ఈమెయిల్‌తో లాగిన్ అవ్వమంటే, పాత యజమాని దాన్ని తమ ఆటోపైలట్ (కంపెనీల కంప్యూటర్లను నమోదు చేసే మైక్రోసాఫ్ట్ సేవ) లిస్టులోంచి తీయలేదన్నమాట. అది తీయగలిగేది ఆ కంపెనీ లేదా మైక్రోసాఫ్ట్ మాత్రమే. రిటర్న్ గడువు లోపలే ఈ రెండూ చూసుకోవాలి. గడువు దాటాక అమ్మినవాళ్లను అడిగినా ఫలితం ఉండకపోవచ్చు.