బడిలోని సైకాలజిస్టా, బయటి క్లినిక్కా: ఏది మేలు?

మూడో తరగతి పిల్లవాడు ‘పడవ’ను ‘వడప’ అని చదువుతాడు, ఒత్తులు వదిలేస్తాడు, నోటితో చెప్పిన లెక్కను కాగితం మీద పెట్టలేడు. అలాంటి పిల్లవాడి తల్లిదండ్రులకు బెజవాడలోనైనా గుంటూరులోనైనా రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి, బడిలో సైకాలజిస్టు ఉంటే వారిని కలవడం; రెండు, సూర్యారావుపేటకో కొత్తపేటకో వెళ్లి క్లినిక్‌లో పరీక్షలు చేయించడం. చాలామంది నేరుగా రెండో దారి పడతారు, ఎందుకంటే డబ్బు పెట్టి చేయించిన పరీక్షకు ఉన్న గౌరవం బడిలో ఊరికే దొరికే సలహాకు ఉండదు. నేను మాత్రం మొదట బడిలోనే అడగమంటాను.

క్లినిక్‌లో పిల్లవాడు నిశ్శబ్దమైన గదిలో, ఒక్క మనిషి ఎదుట కూర్చుంటాడు. అతని అసలు ఇబ్బంది నలభై మంది మధ్య, గంట మోగే లోపు రాయాల్సి వచ్చినప్పుడు బయటపడుతుంది. మా అన్నయ్య కొడుకు చదివే గుంటూరు బడిలో సైకాలజిస్టు రెండు పీరియడ్లు చివరి బెంచీలో కూర్చుని గమనించారు. వాడు బోర్డు వైపు చూసి ఒక అక్షరం రాసి, మళ్లీ తలెత్తి ఇంకొకటి రాసేవాడు. పదం పూర్తయ్యేసరికి టీచరు బోర్డు తుడిచేసేవారు. ఇది గమనించిన సైకాలజిస్టు ముందు కళ్లు పరీక్ష చేయించమన్నారు. కళ్లజోడు వచ్చాక సగం తప్పులు పోయాయి, మిగిలిన సగం కోసమే క్లినిక్‌కు వెళ్లాం. ఇదేమీ కొత్త సంగతి కాదు: 1896లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో లైట్నర్ విట్మర్ పెట్టిన మానసిక శాస్త్ర క్లినిక్‌కు మొదట వచ్చిన, అక్షరదోషాల పిల్లవాణ్ణి పంపింది ఒక బడి టీచరే, అతనికీ చూపులో లోపం ఉన్నట్టు తేలింది.

అయితే బడి చేయలేనివి కొన్ని ఉన్నాయి. బినే-కామత్ వంటి తెలివితేటల పరీక్షలు, బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ రూపొందించిన అభ్యసన లోపాల (చదవడం, రాయడం, లెక్కల్లో ఇబ్బందుల) పరీక్షలు పద్ధతి ప్రకారం పెట్టి నిర్ధారించడం క్లినిక్‌లో శిక్షణ పొందినవారి పని. మందులు అవసరమా అన్నది మానసిక వైద్యులే చెప్పాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అభ్యసన లోపం కూడా ఉంది గానీ, దాని ధ్రువపత్రం ప్రభుత్వం నియమించిన వైద్యాధికారుల నుంచే రావాలి. ప్రైవేటు క్లినిక్ నివేదిక దానికి ప్రత్యామ్నాయం కాదు. సీబీఎస్ఈ పరీక్షల్లో గంటకు 20 నిమిషాల అదనపు సమయం, అవసరమైతే రాసిపెట్టే సహాయకుడు కావాలంటే ఆ పత్రం చేతిలో ఉండాలి.

బడి సైకాలజిస్టు విషయంలో నా అనుమానం వేరొకటి. మన ఊళ్లలో ‘కౌన్సెలర్’ అంటే అడ్మిషన్ల బల్ల దగ్గర ఫీజు వివరాలు చెప్పేవారని చాలామంది అనుకుంటారు, కొన్నిచోట్ల అదే నిజం కూడా. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థలు అర్హత గల కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో సోషల్ వర్కర్‌నో నియమించాలని చెప్పింది. కాబట్టి వారి డిగ్రీ ఏమిటని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. పైగా జీతం బడిదే గనుక, పిల్లవాడి భయానికి కారణం ర్యాంకుల ఒత్తిడో టీచరు బెత్తమో అయినప్పుడు ఆ మాట అనడం వారికి కష్టం. అలాంటప్పుడు బయటివారే మేలు. బతకాలని లేదని పిల్లవాడు అంటే మాత్రం ఏది మేలో తూచుకుంటూ కూర్చోకుండా వెంటనే మానసిక వైద్యుణ్ణి కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరు రాత్రింబవళ్లు ఉచితంగా పనిచేస్తుంది.

ప్రభుత్వ బడి పిల్లలకు సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి. అక్కడుండేది సైకాలజిస్టు కాకపోయినా ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయులు.

ఇక క్లినిక్ నుంచి మాకు వచ్చింది పద్నాలుగు పేజీల ఇంగ్లీషు నివేదిక. బడి సైకాలజిస్టు దాన్ని చదివి, మా వదిననూ, ‘వాళ్ల నాన్నా ఇంతేలే’ అనే మా అమ్మనూ కూర్చోబెట్టి విడమరిచి చెప్పి, తరగతి టీచరు కోసం ఒక్క పేజీ తెలుగులో రాశారు: ముందు వరుసలో కూర్చోబెట్టండి, బోర్డు మీది నుంచి ఎత్తి రాసే పని తగ్గించండి, ప్రశ్న చదివి వినిపించండి, అందరి ముందు గట్టిగా చదవమనకండి. ఆ పేజీని టీచరు తన హాజరు పట్టీ లోపలి అట్టకు అంటించుకున్నారు.