గైడా? టెక్స్ట్‌బుక్కా?

6వ తరగతిలో హైస్కూల్లో చేరగానే చాలామంది కొనేది గైడు. రేపు యూనిట్ టెస్టు అనగా జవాబు దొరకాలంటే దాన్ని మించింది లేదు. మా అన్నయ్య వాడిన గైడునే అట్ట ఊడేదాకా బట్టీ పట్టాను. లెక్కలో అంకెలు మార్చి ఇచ్చేసరికి చేతులెత్తేశాను!

టెక్స్ట్‌బుక్‌తో పని నెమ్మది, ఒప్పుకుంటా. కానీ మధ్యలో ‘ఇవి చేయండి’, ‘ప్రయత్నించండి’ అని వచ్చే చిన్న లెక్కలు పెన్సిల్‌తో చేస్తూ పోతే, చివరి అభ్యాసం దగ్గర టెన్షన్ ఉండదు. పైగా ఇప్పటి ప్రభుత్వ పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదుటి పేజీ తెలుగు. ‘ఫోటోసింథసిస్’ బుర్రకెక్కకపోతే పక్కకు చూస్తే చాలు, కిరణజన్య సంయోగక్రియ కనిపిస్తుంది.

నా ఓటు టెక్స్ట్‌బుక్‌కే. గైడు ఉంటే ఉండనీ, సొంతంగా జవాబు రాశాక సరిచూసుకోవడానికి.