తుఫానుల గురించి చదివినవారికి ఏది మేలు: మోడల్ సంస్థా, రీఇన్సూరెన్స్ కంపెనీయా?

వాతావరణ శాస్త్రం చదివి బీమా రంగంవైపు చూస్తున్నవారు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది. మోడల్ సంస్థ అంటే తుఫాను తెచ్చే నష్టాన్ని కంప్యూటర్‌లో అంచనా వేసే మోడళ్లను తయారుచేసేది; రీఇన్సూరెన్స్ కంపెనీ అంటే బీమా కంపెనీలకే బీమా ఇచ్చేది. జీతాల సంగతి పక్కన పెడతాను. నా దృష్టిలో ముందుగా చూడాల్సింది ఒకటే: మన లెక్క తప్పితే ఆ సంగతి మనకు ఎలా తెలుస్తుంది?

వాతావరణ సూచనల కేంద్రంలో ఈ బాధ లేదు. ఈరోజు చెప్పింది తప్పో ఒప్పో రేపటికల్లా తేలిపోతుంది. బీమా రంగంలో అడిగేది వందేళ్లకోసారి వచ్చే నష్టం గురించి. ఐరోపాలో బీమా కంపెనీల మూలధనంపై ఉన్న సాల్వెన్సీ 2 నిబంధనలైతే రెండు వందల ఏళ్లకోసారి వచ్చే నష్టాన్ని తట్టుకునేంత మూలధనం ఉండాలంటాయి. అంత అరుదైన సంఖ్యను సరిచూడటానికి ఒక ఉద్యోగ జీవితం చాలదు.

మోడల్ తయారుచేసే సంస్థలో శాస్త్రం పుష్కలంగా ఉంటుంది. అట్లాంటిక్ తుఫానుల రికార్డు 1851 నుంచి ఉంది, కానీ ఉపగ్రహాలు రాకముందు నడిసముద్రంలో పుట్టి అక్కడే సమసిపోయినవి ఎన్నో అందులోకి ఎక్కలేదు. అలాంటి రికార్డు ఆధారంగా వేల ఏళ్లకు సరిపడా కృత్రిమ తుఫానులను సృష్టించాలి. కేంద్ర పీడనం, గరిష్ఠ గాలుల వ్యాసార్థం, తీరం దాటే కోణం, అన్నీ మీ చేతుల్లోనే. ఈ వృత్తికి గౌరవం తెచ్చింది 1992లో అమెరికాను తాకిన ఆండ్రూ తుఫాను. నష్టం 1,300 కోట్ల డాలర్లు దాటవచ్చని కరెన్ క్లార్క్ స్థాపించిన మోడల్ సంస్థ ఏఐఆర్ గంటల్లోనే చెబితే చాలామంది నమ్మలేదు. చివరికి బీమా నష్టం సుమారు 1,550 కోట్లకు చేరింది, పలు కంపెనీలు దివాలా తీశాయి.

అయితే గాలుల పటం మీ బల్ల దాటాక భవనాల సంగతి ఇంజనీర్లు చూస్తారు, పాలసీ లెక్కలు ఇంకొకరు చూస్తారు. చివరి అంకె ఎందుకు తప్పిందో మీ దాకా రాకపోవచ్చు.

రీఇన్సూరెన్స్ కంపెనీలో అది నేరుగా ఎదురవుతుంది. బీమా చేసిన ఆస్తుల జాబితా ఒకటే అయినా రెండు మోడళ్లలో నడిపితే ఫలితాల్లో భారీ తేడా రావచ్చు. తీరం దాటాక గాలి ఎంత త్వరగా తగ్గుతుందన్న ఒక్క ఊహలోనే ఆ తేడా దాగి ఉండవచ్చు, దాన్ని పట్టుకోవడానికి వాతావరణం తెలిసిన మనిషే కావాలి. తుఫాను వెళ్లాక క్లెయిములు వస్తాయి. వాటి జాబితాలో ఒక వరుసలో ఎగిరిపోయిన పైకప్పు, కింది వరుసలో నీట మునిగిన గది. పాలసీ గాలికి వర్తిస్తుంది, వరదకు వర్తించదు. మరి ఆ గోడను కూల్చింది ఏది? 2005లో కత్రినా తుఫాను సమయంలో మోడళ్ల అంచనాలను దెబ్బతీసింది నీరే: ఉప్పెన, న్యూ ఆర్లీన్స్‌లో తెగిన కరకట్టలు. క్లెయిముల్లో ఇలాంటిది చూసినవారు గాలి వేగంతోనే నష్టం తేలిపోతుందని ఇక నమ్మరు. నేను ఇటువైపే మొగ్గుతాను. లోపం కూడా చెప్పాలి: సొంతంగా నిర్మించేది తక్కువ, చాలా ఒప్పందాలు జనవరి 1న పునరుద్ధరణకు వస్తాయి కాబట్టి డిసెంబరులో ఊపిరాడదు.

బీమా కంపెనీలకూ రీఇన్సూరెన్స్ కంపెనీలకూ మధ్యవర్తులైన బ్రోకరు సంస్థల్లో వైవిధ్యం ఉంటుంది, కానీ లోతుకు వెళ్లే తీరిక తక్కువ. పరిశోధనే ప్రాణమైతే విశ్వవిద్యాలయం మేలు.

చదువు ఇప్పుడే ముగించినవారు కొన్నేళ్లు మోడల్ సంస్థలో పనిచేసి, మోడల్ లోపల ఏముందో తెలుసుకున్నాక రీఇన్సూరెన్స్‌కు వెళ్లడం మంచిది. ఎక్కడ ఇంటర్వ్యూకు వెళ్లినా ఒకటి తప్పక అడగండి: గత పెద్ద తుఫాను తర్వాత క్లెయిముల వివరాలు ఈ బృందానికి అందాయా, అందితే మోడల్‌లో ఏం మార్చారు?