సీపీయూ మారినా పని ఆగలేదు: ఉబుంటుతో ఏడేళ్లు

కావలిలో మాది చిన్న డీటీపీ, జెరాక్స్ షాపు. 2018లో షాపు కంప్యూటర్‌లో ఉబుంటు 18.04 వేసుకున్నాను. విండోస్ లాగే ఇదీ ఒక ఆపరేటింగ్ సిస్టమ్, లినక్స్ రకం. తర్వాత అదే డిస్కు మీద 20.04, 22.04 వెర్షన్లకి మారుతూ వచ్చాను. దీని మీద నాకు గట్టి నమ్మకం కుదిరింది మాత్రం ఒక్క మధ్యాహ్నంలో.

2022 వేసవి. కరెంటు పోయి వచ్చేసరికి పాత ఇంటెల్ సీపీయూలో మదర్‌బోర్డు కాలిపోయింది. పెళ్లి పత్రిక ఫైలు అందులోనే ఉంది. "అన్నా, సాయంత్రం ఉదయగిరి బస్సుకి పోవాల, అయిపోతాయా?" అని ఎదురుగా పెళ్లివాళ్లు. ఒకటే టెన్షన్. ఇంట్లో ఉన్న ఏఎండీ రైజెన్ సీపీయూ తెప్పించి, పాతదాంట్లోని ఎస్ఎస్‌డీ డిస్కు విప్పి దీనికి బిగించాను. బయోస్‌లో (మెషీన్ ఆన్ అవగానే నడిచే సెట్టింగుల్లో) బూట్ పద్ధతిని లెగసీకి, అంటే పాత పద్ధతికి, మార్చి స్విచ్ వేశాను. మా డెస్క్‌టాప్ వాల్‌పేపర్‌తో సహా వచ్చేసింది! డాక్యుమెంట్లు తయారుచేసే ప్రోగ్రామ్ లిబ్రే ఆఫీస్‌లో పత్రిక తెరిచి ప్రింట్ ఇచ్చాను. బస్సు అందింది.

బోర్డు, ప్రాసెసర్, గ్రాఫిక్స్, నెట్ చిప్ అన్నీ మారినా లిబ్రే ఆఫీస్‌కి ఆ సంగతే తెలియదు. అది డిస్కుతో నేరుగా మాట్లాడదు. ఫైలు తెరువు, చదువు, రాయి అని కెర్నల్‌ని, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లో హార్డ్‌వేర్‌ని నడిపే ముఖ్య భాగాన్ని, అడుగుతుంది, అంతే. బూట్ అయ్యేటప్పుడు బోర్డులోని దాదాపు ప్రతి పరికరం తన తయారీదారు నంబరు, మోడల్ నంబరు చెబుతుంది. వాటికి సరిపోయే డ్రైవర్‌ని (ఆ పరికరాన్ని నడిపే చిన్న ప్రోగ్రామ్‌ని) కెర్నల్ లోడ్ చేసుకుంటుంది. లినక్స్‌లో చాలా డ్రైవర్లు కెర్నల్‌తోనే వస్తాయి కాబట్టి నేను సీడీ కోసం వెతకాల్సిన అవసరం రాలేదు. అయితే ఇంటెల్, ఏఎండీ రెండూ ఒకే రకం ఆదేశాలు అర్థం చేసుకునే ప్రాసెసర్లు కాబట్టే పాత ప్రోగ్రాములు అలాగే నడిచాయి. ఫోన్లలో ఉండే ఆర్మ్ చిప్‌కైతే ప్రోగ్రామ్‌ని మళ్లీ కంపైల్ చేయాల్సిందే, అంటే ఆ చిప్ ఆదేశాల్లోకి మార్చాల్సిందే.

ఆ రోజు ఇబ్బంది పెట్టింది ఒక్క నెట్టే. నెట్ కార్డు ఏ స్లాట్‌లో ఉందో దాన్నిబట్టి ఉబుంటు పేరు పెడుతుంది. పాత పేరుకి నేను ఫిక్స్ చేసిన ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో మెషీన్‌ని గుర్తించే నంబరు) కొత్త పేరుకి వర్తించలేదు. కారణం తెలియడానికి గంట పట్టింది, సరిచేయడానికి రెండు నిమిషాలు.

అసలు లోటు వేలిముద్రల మెషీన్. దాని కంపెనీ లినక్స్‌కి డ్రైవర్ ఇవ్వలేదు. డ్రైవర్ లేనిదే కెర్నల్ మాత్రం ఏం చేస్తుంది? ఆ ఒక్క పనికోసం మూలన ఇప్పటికీ ఒక విండోస్ మెషీన్ ఉంచుకున్నాను.