పాత ప్రింట్ల వెంట మూడు నగరాలు

పాత సినిమాల కోసం అంత దూరం వెళ్లడం ఎందుకని బయలుదేరే ముందు చాలామంది అడిగారు. వందేళ్ల నాటి మూకీని ఇంట్లో చిన్న తెర మీద చూసినా కథ అర్థమవుతుంది. అయితే అది ఏ వేగంతో నడవాలో, తెర మీద ఏ కొలతలో పడాలో, చుట్టూ ఎంత చీకటి ఉండాలో ఎరిగినవారు వేసినప్పుడే ఆనాటి ప్రేక్షకులు చూసినది ఎలాంటిదో కొంతైనా తెలుస్తుంది. ఆ కోరికతోనే జూన్ నెలలో ఫ్రాన్స్‌లోని లియోన్, పారిస్, ఇటలీలోని బొలోన్యా నగరాలను ఒకే యాత్రగా కలుపుకొన్నాను. వాటిని నేను తూచిన తూకం కూడా అదే.

లియోన్‌కు సగం రోజు చాలు. మెట్రో డి లైనులో మోన్‌ప్లెసిర్ లూమియేర్ స్టేషను దగ్గర దిగితే, ‘తొలి చిత్రం వీధి’ అనే అర్థం వచ్చే పేరున్న వీధి కొద్ది అడుగుల దూరంలోనే ఉంటుంది. 1895 మార్చిలో లూమియేర్ సోదరుల కర్మాగారం నుంచి పనివాళ్లు బయటికి వస్తుండగా చిత్రీకరించింది ఇక్కడే. ఆ షెడ్డులో మిగిలిన భాగాన్ని కాపాడి, దాన్ని కలుపుకొని సినిమా హాలు కట్టారు. పక్కనే ఉన్న వారి భవనం ఇప్పుడు మ్యూజియం. చిత్రీకరించడానికి, ప్రింటు తీయడానికి, తెర మీద వేయడానికి మూడింటికీ ఒకే పెట్టె సరిపోయేదన్న సంగతి పుస్తకాల్లో ఎన్నిసార్లు చదివినా, సినిమాటోగ్రాఫ్ అనే ఆ యంత్రం ఎంత చిన్నదో కళ్లారా చూసినప్పుడు గానీ నమ్మకం కుదరలేదు. యాభై సెకన్లు కూడా నిండని ఆ చిత్రాన్ని వాళ్లు ఒకసారి కాదు, మూడుసార్లు తీశారు. గేటులోంచి ఒక గుర్రం బండి వస్తుందా, రెండు గుర్రాల బండి వస్తుందా, అసలు గుర్రమే లేదా అన్నదాన్ని బట్టి ఏ ప్రతి ఏదో గుర్తుపడతారు. ‘మొట్టమొదటి చిత్రం’ అని మనం ఘనంగా చెప్పుకొనేదానికి కూడా రీటేకులు ఉన్నాయన్నమాట.

పారిస్‌లో నాలుగు రోజులున్నాను. బెర్సీ ప్రాంతంలో ఫ్రాంక్ గేరీ రూపొందించిన భవనంలోకి పాత సినిమాలను భద్రపరిచి చూపే సినెమాతెక్ ఫ్రాన్సేజ్ 2005లో మారింది. సంస్థ మాత్రం 1936 నాటిది. దాన్ని నెలకొల్పినవారిలో ఒకరైన ఆన్రీ లాంగ్లువా జర్మన్ల ఆక్రమణ కాలంలో రీళ్లను దాచి కాపాడాడు. 1968 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఆయన్ను పదవి నుంచి తప్పిస్తే దర్శకులు, ప్రేక్షకులు వీధుల్లోకి వచ్చి ఏప్రిల్ నాటికి తిరిగి రప్పించుకున్నారు. ప్రధానమైన హాలుకు ఆయన పేరే పెట్టారు. మంగళవారం అక్కడ సెలవని చూసుకోకుండా సరిగ్గా మంగళవారమే వెళ్లి మూసిన తలుపుల ముందు నిలబడ్డాను కాబట్టి, వెళ్లదలచినవారు వారం చూసుకొని మరీ వెళ్లాలని మనవి. మరునాడు చూసిన అక్కడి మ్యూజియంలో, దర్శకుడు హిచ్‌కాక్ స్వయంగా లాంగ్లువాకు కానుకగా ఇచ్చిన, ‘సైకో’ చిత్రంలోని తల్లి బొమ్మ తలను అద్దాల వెనక పెట్టారు. హాలులో చీకటి నిజమైన చీకటి. చిత్రం నడుస్తుండగా ఎవరి ఫోనూ వెలగలేదు.

లాటిన్ క్వార్టర్‌లో పాత చిత్రాలు వేసే చిన్న హాళ్ల సంగతి వేరు. నాలుగు వీధుల్లో అన్ని హాళ్లు ఉండడం, ఒకదాన్లోంచి బయటికి వచ్చి మరొకదాన్లోకి నడిచి వెళ్లగలగడం ఎంతో హాయి. కానీ అన్నింటిలోనూ ప్రదర్శన ఒకే స్థాయిలో ఉంటుందని అనుకోకూడదు. పేరు చెప్పను గానీ ఒక హాలులో 1940ల నాటి చిత్రాన్ని వేస్తూ, దాదాపు చదరంగా కనిపించవలసిన 1.37 నిష్పత్తి ఫ్రేమును వెడల్పు తెరకు సరిపెట్టేశారు. ఫలితంగా నాయిక నుదురు పది నిమిషాల పాటు కనిపించలేదు. నేను బయటికి వెళ్లి టికెట్లు చూసే అమ్మాయికి వచ్చీరాని ఫ్రెంచిలో చెప్పుకుంటే, ఆమె పైకి వెళ్లి ఆపరేటరుతో మాట్లాడింది, తెర ఇరువైపులా నల్లని అంచులు జరిగాయి, నుదురు తిరిగి వచ్చింది. తప్పు చేసినందుకు కంటే చెప్పగానే సరిదిద్దినందుకే ఆ హాలు గుర్తుంది.

ఇక బొలోన్యా. ఇక్కడి చలనచిత్ర భాండాగారమైన సినెతెకా 1986లో మొదలైన ‘ఇల్ సినెమా రిత్రోవాతో’ ఉత్సవాన్ని ఇప్పుడు ఏటా జూన్ చివరలో జరుపుతోంది. తిరిగి దొరికిన సినిమా అని దాని అర్థం. తొమ్మిది రోజులు, ఉదయం తొమ్మిది నుంచి అర్ధరాత్రి దాకా, ఒకేసారి అనేక హాళ్లలో చిత్రాలు నడుస్తాయి. ఇక్కడ కరువు తీరా చూడవచ్చునన్నది భ్రమ. ఒకటి ఎంచుకున్న ప్రతిసారీ నాలుగు వదులుకోవలసి వస్తుంది. మొదటి రెండు రోజులు రోజుకు ఆరు చిత్రాల లెక్కన చూసి, మూడో రోజు ఒక అపురూపమైన మూకీలో సగం సేపు నిద్రపోయాను. ఆ తరువాత నాలుగుకు మించలేదు.

బస విషయంలో నేను చేసిన పొరపాటు పెద్దది. తక్కువకు వస్తుందని రైల్వే స్టేషనుకు అవతలి వైపు, నడిచి నలభై నిమిషాల దూరంలో గది తీసుకున్నాను. జూన్ చివర అక్కడ ఎండ మండిపోతుంది. గదిలో ఏసీ లేదు, ఇంటివారు ఇచ్చిన ఫ్యాను వేడిగాలిని ఒక మూల నుంచి మరో మూలకు తోసేది. ఆరుబయట ప్రదర్శన అర్ధరాత్రి దాటాక ముగిసేసరికి నాకు కావలసిన బస్సు వెళ్లిపోయి ఉండేది. నాలుగో రోజు నష్టమైతే అయిందని పాత నగరం లోపలికి మారాను. ఈ ఊరి వరండాల బాటలు, అంటే ఇళ్ల ముందు స్తంభాల మీద నిలిచిన కప్పు కింద సాగే నడకదారులు, మొత్తం కలిపి అరవై కిలోమీటర్లకు పైగా ఉన్నాయి. వాటికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. మధ్యాహ్నం రెండు గంటలకు ఒక హాలు నుంచి మరో హాలుకు ఎండ తగలకుండా వెళ్లగలిగినప్పుడు వాటి విలువ నాకు తెలిసివచ్చింది.

ఒకప్పటి కబేళా ఆవరణలో ఉన్న లూమియేర్ హాళ్లకు దర్శకుడు స్కోర్సేజీ, నటుడు మస్త్రోయాన్ని పేర్లు పెట్టారు. మూకీలను ఎక్కువగా అక్కడే చూశాను. పుస్తకమంత మందంగా ఉన్న కార్యక్రమాల సంచికలో ప్రతి మూకీ పక్కనా సెకనుకు ఎన్ని ఫ్రేములతో వేస్తున్నారో కూడా ముద్రించారు: ఒకటి పదహారు, మరొకటి పద్దెనిమిది, ఇంకొకటి ఇరవై. టాకీలకు స్థిరపడిన ఇరవైనాలుగు ఫ్రేముల వేగంతో వాటిని నడిపితే మనుషులు బొమ్మల్లా గబగబా ఎగురుతారు. మూకీలంటేనే అలా ఉంటాయని మనలో చాలామంది చిన్నప్పటి నుంచి నవ్వుకుంటూ వచ్చాము. సరైన వేగంలో, పక్కన పియానో వాయిస్తుండగా చూస్తే, ఒక స్త్రీ ఉత్తరం మడిచి పెట్టెలో పెట్టడానికి ఎంత సమయం పట్టాలో అంతే పడుతుంది, ఆ సమయంలోనే ఆమె మనసు మనకు అందుతుంది. ప్రధాన కూడలి కింద నేల లోపల ఉన్న మోదెర్నిస్సిమో 1915 నాటి హాలు. ఏళ్ల తరబడి మూతపడి 2023 నవంబరులో మళ్లీ తెరుచుకుంది. చల్లదనం, శబ్దం, కూర్చునే తీరు అన్నీ కలిపి చూస్తే ఈ యాత్రలో అన్నింటికంటే మంచి హాలు ఇదే.

ఒక మధ్యాహ్నం చూసిన పాత ఈస్ట్‌మన్ కలరు ప్రింటు రంగులన్నీ వెలిసిపోయి గులాబీ రంగుకు తిరిగింది. ఆ సాయంత్రమే చూసిన అదే కాలపు టెక్నికలర్ ప్రింటులో ఎరుపు నిన్న వేసినట్టుంది, ఎందుకంటే ఆ పద్ధతిలో రంగును విడిగా అద్దేవారు. వెలిసిన ప్రింటును కూడా దాచకుండా చూపించడం నాకు నచ్చింది.

సత్యజిత్ రాయ్ అపు చిత్రాలు మళ్లీ ప్రాణం పోసుకున్నది కూడా ఈ ఊళ్లోని ‘లిమ్మాజినె రిత్రోవాతా’ ప్రయోగశాలలోనే. 1993లో లండన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిన నెగెటివులను ఇక్కడి పనివాళ్లు తిరిగి మెత్తబరచి, ఒక్కొక్క ఫ్రేమునే అతికి, ‘పథేర్ పాంచాలి’ నెగెటివులో సుమారు నలభై శాతాన్ని వాడుకోగలిగారు; ‘అపూర్ సంసార్’ నెగెటివు ఏ మాత్రం పనికిరాలేదు, దాన్ని వేరే ప్రతుల నుంచి తెచ్చుకోవలసి వచ్చింది. ఆ పునరుద్ధరించిన ప్రతిని 2015 తరువాత చూసిన మనమంతా ఈ ఊరికి ఎంతో కొంత బాకీ పడ్డవాళ్లమే.

రాత్రులు ఊరి ప్రధాన కూడలి పియాజ్జా మజ్జోరెలో ఉచిత ప్రదర్శన. వేల కుర్చీలు వేస్తారు, దొరకనివాళ్లు సాన్ పెత్రోనియో చర్చి మెట్ల మీద కూర్చుంటారు. సూర్యాస్తమయం ఆలస్యం కాబట్టి పది గంటలకు గానీ మొదలుకాదు. ప్రతిధ్వని ఉంటుంది, మధ్యలో గంటలు మోగుతాయి, పసిపిల్లలు ఏడుస్తారు. నాణ్యతను పట్టి చూస్తే అది అన్నింటికంటే కిందిది, కానీ ఒక్క రాత్రి తప్ప మానలేదు.

మానిన ఆ ఒక్క రాత్రి లూమియేర్ ముందున్న చిన్న కూడలికి వెళ్లాను. అక్కడ కార్బన్ ఆర్కు ప్రొజెక్టరుతో మూకీ వేశారు. రెండు బొగ్గు కడ్డీల కొసల మధ్య విద్యుత్తు దూకితే పుట్టే వెలుగు అది. కడ్డీలు కాలి తరుగుతున్నకొద్దీ ఆపరేటరు వాటిని దగ్గరికి జరుపుతూనే ఉండాలి, ఏమరితే తెర మసకబారుతుంది. గొట్టంలోంచి పైకి లేచే పొగను అందరూ చూస్తున్నారు. నేను తెరను వదిలి ఎక్కువసేపు అతని చేతులనే చూశాను. రీలు ముగిశాక అతను చేతి తొడుగు విప్పకుండానే పొట్టిగా మిగిలిన కడ్డీని తీసి డబ్బాలో పడేసి, కొత్తది బిగించి, లెన్సును ఒకసారి తుడిచి, రెండో రీలు ఎక్కించాడు.