కెర్రీనా, క్లేరా? లాంగ్ వీకెండ్‌కి ఏది మేలు?

బ్యాంక్ హాలిడే దగ్గర పడిందంటే డబ్లిన్‌లో మనవాళ్ళు అడిగేది ఒకటే: కెర్రీకి వెళ్ళాలా, క్లేర్‌కి వెళ్ళాలా? రెండూ ఐర్లాండ్ పడమటి తీరంలోని కౌంటీలే, మన జిల్లాల్లాంటివి. సముద్రం, కొండలు, పాత కట్టడాలు రెండు చోట్లా ఉన్నాయి. ఫోటోలు చూసి తేల్చుకుందామంటే అవన్నీ ఎండ కాసిన రోజు తీసినవే. అందుకే నేను వేరే లెక్క వేస్తాను. వెళ్ళిన రెండు రోజులూ ముసురు పడితే చూడ్డానికి ఏం మిగులుతుంది?

కెర్రీ అందమంతా దూరం నుంచి చూసేది. దేశంలోకెల్లా ఎత్తైన కారన్‌టూహిల్ ఇక్కడే ఉంది, వెయ్యి మీటర్లు దాటుతుంది. రింగ్ ఆఫ్ కెర్రీ అనేది సుమారు 179 కిలోమీటర్ల చుట్టు రోడ్డు. తెరపి ఇస్తే ప్రతి మలుపులో బండి ఆపాలనిపిస్తుంది. మబ్బు కిందికి దిగిందా, ఇక చూసేది వైపర్లనీ, ముందు పోతున్న టూరిస్ట్ బస్సు వెనక భాగాన్నీ. స్కెలిగ్ మైకేల్ దీవిదీ అదే కథ. తీరానికి దాదాపు 12 కిలోమీటర్ల దూరంలో, 600 పైచిలుకు మెట్లెక్కితే, పూర్వం క్రైస్తవ సన్యాసులు సున్నం లేకుండా వట్టి రాళ్ళు పేర్చి కట్టుకున్న గుడిసెలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. 1996లో యునెస్కో గుర్తింపు వచ్చింది. కానీ పడవలు నడిచేది ఏడాదిలో కొన్ని నెలలే, అదీ సముద్రం ఒప్పుకుంటేనే. దాని మీదే ఆశ పెట్టుకుని వెళ్తే చివరి నిమిషం దాకా టెన్షనే.

క్లేర్‌లోని బర్రెన్‌లో చూడాల్సింది కాళ్ళ కిందే ఉంటుంది. 30 కోట్ల ఏళ్ళకు పైబడిన సున్నపురాయి నేల అది. మంచుయుగపు హిమానీనదాలు పైమట్టిని గీకేశాయి, వాన నీరు రాతిని కరిగించి నెర్రెలు చేసింది. మే నెలలో ఆ నెర్రెల దగ్గర వంగి చూడండి. ఆల్ప్స్ కొండల్లో పూసే చిట్టి నీలం జెన్షియన్, మధ్యధరా ప్రాంతపు ఆర్కిడ్ ఒకే చోట కనిపిస్తాయి. 1651 ప్రాంతంలో ఇంగ్లండ్ నుంచి దండెత్తి వచ్చిన క్రామ్‌వెల్ సైన్యంలోని సేనాని లడ్లో, ఇక్కడ మనిషిని ముంచడానికి నీళ్ళు లేవు, ఉరి తీయడానికి చెట్టు లేదు, పూడ్చడానికి మట్టి లేదు అన్నాడు. పశువులు మాత్రం బాగా బలిసి ఉన్నాయని కూడా ఆయనే రాశాడు. ఇక్కడి రైతులు ఇప్పటికీ చలికాలంలోనే పశువుల్ని కొండ మీదికి తోలుతారు. సున్నపురాయి వేసవి వేడిని కొంత దాచుకుంటుంది, పైగా రాళ్ళ మధ్య గడ్డి అప్పటిదాకా మేయకుండా మిగిలి ఉంటుంది. వేసవిలో పైన నీళ్ళు దొరకవు, వానంతా రాతిలోకి ఇంకిపోతుంది. పశువులు గడ్డిని ఇలా చలికాలంలో మేసేయడం వల్లే వసంతంలో ఆ పూలకు చోటు దొరుకుతోంది.

ఆ బండల మధ్యే పూల్నబ్రోన్ సమాధి. నిలువు రాళ్ళ మీద ఒక పెద్ద పలక. ములుగు జిల్లా దామెరవాయిలో రాక్షస గుళ్ళు చూసినవాళ్ళు ఆకారం వెంటనే గుర్తుపడతారు. ఇది 5 వేల ఏళ్ళ పైమాటే. 1980లలో తవ్వితే 30 మందికి పైగా మనుషుల ఎముకలు బయటపడ్డాయి. వానలోనూ దీన్ని హాయిగా చూడొచ్చు, తడిసిన రాయి జారుతుంది కాబట్టి బూట్లు మాత్రం మంచివి వేసుకోండి.

అందరూ ముందుగా అడిగే క్లిఫ్స్ ఆఫ్ మోహర్ కూడా క్లేర్‌లోనివే, ఎత్తు 214 మీటర్లు. పొగమంచు కమ్మితే అక్కడా టికెట్ డబ్బులు దండగే. కాకపోతే బర్రెన్ పక్కనే ఉంది, సాయంత్రానికి దగ్గర్లోని డూలిన్ ఊరి పబ్బుల్లో సంగీతం ఉంది, రోజు పాడవదు. రెండు రోజులే చేతిలో ఉంటే నా ఓటు క్లేర్‌కే.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే మాత్రం కెర్రీకే వెళ్ళండి. అక్కడి కిలార్నీ ఊళ్ళో మకాం పెడితే గుర్రబ్బండి, సరస్సుల ఒడ్డున చదునైన దారులు, మక్రస్ హౌస్ అనే పాత బంగళా, అదృష్టం బాగుంటే ఎర్ర జింకలు, అన్నీ దగ్గర్లోనే. మక్రస్ ఎస్టేట్‌ను 1932లో జాతికి ఇచ్చేయడంతోనే ఐర్లాండ్‌కి మొదటి నేషనల్ పార్క్ వచ్చింది. నాలుగు రోజులు దొరికితే కెర్రీలోనే ఉన్న డింగిల్ ద్వీపకల్పం కూడా కలుపుకోండి. అన్ని రోజుల్లో ఒక్క పూటైనా తెరపి ఇవ్వకపోదు.

ఉత్తరాన ఉన్న డోనెగాల్ కౌంటీ గురించి అడిగేవాళ్ళూ ఉన్నారు. స్లీవ్ లీగ్ కొండ అంచు మోహర్ కంటే రెండింతలు మించిన ఎత్తే, కానీ డబ్లిన్ నుంచి రెండు రోజుల్లో అంటే ఎక్కువ భాగం కారులోనే గడుస్తుంది. డబ్లిన్ పక్కనే ఉన్న విక్లో కౌంటీలోని గ్లెన్‌డలాక్ లోయకి లాంగ్ వీకెండ్ అక్కర్లేదు, ఏ ఆదివారమైనా పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంటికి వచ్చేయొచ్చు.