డాకానా, డ్రీమ్ యాక్టా: ఏది మేలు?

చిన్నప్పుడే అమ్మానాన్నల వెంట అమెరికా వెళ్లి, సరైన కాగితాల్లేకుండా అక్కడే పెరిగిన పిల్లల మాట వస్తే ఈ రెండు పేర్లూ వినిపిస్తాయి. రెండూ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది. కానీ డాకా ప్రభుత్వ నిర్ణయంతో నడిచే ఏర్పాటు. అమల్లో ఉంది, చట్టం కాదు. డ్రీమ్ యాక్ట్ ఒక బిల్లు, పేరులో తప్ప ఇంకా చట్టం కాలేదు.

డాకాను ఒబామా ప్రభుత్వం 2012 జూన్ 15న ప్రకటించింది. 16 ఏళ్లు నిండకముందే వచ్చి, 2007 జూన్ 15 నుంచి అక్కడే ఉంటూ, చదువు, వయసు, నేర చరిత్ర లాంటి షరతులకు సరిపోయినవాళ్లకు దేశం నుంచి పంపించేస్తారన్న భయం రెండేళ్లపాటు తగ్గుతుంది. వర్క్ పర్మిట్, సోషల్ సెక్యూరిటీ నంబరు వస్తాయి. దొంగచాటుగా కాకుండా దర్జాగా ఉద్యోగం చేసుకోవచ్చు. అసలు టెన్షన్ రెన్యూవల్ దగ్గరే. గడువుకు నాలుగైదు నెలల ముందే అప్లై చేయమంటారు. కొత్త కార్డు వచ్చేలోపు పాతది అయిపోయిందా, పని ఆపేయాల్సిందే. ఎన్నిసార్లు రెన్యూవల్ చేయించుకున్నా దాంతో గ్రీన్ కార్డు మాత్రం రాదు.

కోర్టుల గొడవ సరేసరి. ట్రంప్ ప్రభుత్వం డాకాను ఎత్తేయబోతే 2020లో సుప్రీంకోర్టు 5-4తో ఆపింది. ఎత్తేసిన తీరు బాగాలేదందే గానీ, డాకా సక్రమమని తేల్చలేదు. 2021లో టెక్సాస్‌లోని ఫెడరల్ జడ్జి అది చట్టవిరుద్ధమనడంతో కొత్త దరఖాస్తులకు మంజూరు ఆగిపోయింది.

డ్రీమ్ యాక్ట్‌ను 2001లో సెనేటర్లు డర్బిన్, హ్యాచ్ తెచ్చారు. ముందు షరతులతో నివాసం, తర్వాత చదువో సైన్యమో ఉద్యోగమో చూపిస్తే గ్రీన్ కార్డు, ఆపై పౌరసత్వం. 2010లో ప్రతినిధుల సభ దాటింది. సెనేట్‌లో 60 ఓట్లు కావాల్సి ఉండగా 55 దగ్గర ఆగిపోయింది.

నన్నడిగితే డ్రీమ్ యాక్టే మేలు. ప్రభుత్వం మారినప్పుడల్లా గుండెలు అరచేతిలో పెట్టుకోనక్కర్లేదు. అలాగని డాకా ఉన్నవాళ్లు బిల్లు కోసం చూస్తూ రెన్యూవల్ మానేస్తే ఉన్నదీ పోతుంది.

మన హెచ్-1బీ కుటుంబాల పిల్లల సంగతి వేరు. హెచ్-1బీ వాళ్ల కుటుంబ సభ్యులకిచ్చే హెచ్-4 వీసా మీద పెరిగి 21 నిండితే ఆ స్టేటస్ పోతుంది. 2012 నాటికి సక్రమ వీసా ఉన్నందుకే డాకా వీళ్లకు వర్తించదు! 2021లో ప్రతినిధుల సభ ఆమోదించిన డ్రీమ్ అండ్ ప్రామిస్ బిల్లులో వీళ్లనూ కలిపారు. అందుకే ‘మనవాళ్లు సక్రమంగా లైన్లో వచ్చారు, కాగితాల్లేనివాళ్లతో కలపకండి’ అనే వాదన నాకు మింగుడుపడదు. ఆ బిల్లూ సెనేట్ దాటలేదు కాబట్టి ప్రస్తుతానికి చాలామంది 21 నిండకముందే ఎఫ్-1 స్టూడెంట్ వీసాకు మారుతున్నారు. అక్కడే పెరిగిన పిల్లలు విదేశీ విద్యార్థులవుతున్నారు.